పిల్లలు బయట భోజనానికి తీసుకెళ్తామంటే: జపాన్ హోటలా, పెరూ హోటలా?

మా పిన్ని, బాబాయి వచ్చే నెల న్యూజెర్సీ వెళ్తున్నారు. కొడుకు దగ్గర మూడు నెలలు ఉండి వస్తారు. మొన్న పటమటలో వాళ్లింటికి వెళ్తే హాల్లో సూట్‌కేసులు తూకం వేస్తున్నారు. ఆవకాయ, కందిపొడి, గుంటూరు కారం అన్నీ మూటలు కట్టేశారు. ఆ హడావుడిలోనే పిన్ని అడిగింది. "మా పెళ్లిరోజుకి వాడు బయట భోజనానికి తీసుకెళ్తాడట. ఇంటికి దగ్గర్లో జపాన్ వాళ్ల చిన్న హోటల్ ఒకటి, పెరూ వాళ్ల హోటల్ ఒకటి ఉన్నాయట. ఏది కావాలో మీరే చెప్పండి అంటున్నాడు. మాకేం తెలుసు? నువ్వు అక్కడ ఉండొచ్చావుగా, చెప్పు."

నేను ఆలోచించకుండానే "మీ ఇద్దరికీ అయితే పెరూ" అన్నాను. బాబాయి తూకం ఆపేసి, "జపాన్ అంటే సుషీ అని విన్నాం. పెరూ వాళ్లు ఏం తింటారో కూడా తెలీదు. అక్కడికి వెళ్లమంటావేంటి?" అన్నారు.

అడగాల్సిన ప్రశ్నే. సుషీ, రామెన్ అనే మాటలు ఇప్పుడు విజయవాడ కేఫ్‌ల మెనూల్లో కూడా కనిపిస్తున్నాయి. జపాన్ కార్టూన్లు చూసే పిల్లలకైతే మనకంటే బాగా తెలుసు. పెరూ వంట గురించి మాత్రం మనకు చెప్పినవాళ్లు లేరు. న్యూజెర్సీలో ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో రెండు రకాల చిన్న హోటళ్లలోనూ నేను చాలాసార్లు తిన్నాను. ఇక్కడి నుంచి వచ్చిన పెద్దవాళ్లను, శాకాహారులను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను. ఒకసారి పెద్ద పొరపాటే జరిగింది, అదీ చెప్తాను. మన బెజవాడ, గుంటూరు వైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు కాబట్టి, ఆ రోజు పిన్నికి చెప్పినవన్నీ వివరంగా రాస్తున్నాను.

న్యూజెర్సీలో పెరూ హోటళ్లకు కొదవలేదు. అక్కడి ప్యాటర్సన్ ఊళ్లో పెరూ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎంత ఎక్కువంటే, ఆ పేటను లిటిల్ లిమా అంటారు. పెరూ దక్షిణ అమెరికాలోని దేశం, లిమా దాని రాజధాని. మీ పిల్లలు ఉండేది వేరే ఊరైనా ఈ పోలిక పనికొస్తుంది. ఇరవై ముప్పై మంది పట్టే, ఇంటివాళ్లే నడుపుకునే చిన్న హోటళ్ల గురించే నేను చెప్పేది. పెద్ద పెద్ద లైట్ల రెస్టారెంట్ల లెక్క వేరు.

మిరపకాయ పుట్టిల్లు

గుంటూరు మిర్చి యార్డు పక్క నుంచి వెళ్తే తుమ్ములు ఆగని మనకు, మిరపకాయ మన నేలది కాదంటే నమ్మబుద్ధి కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటలో కారమంటే మిరియాలు, అల్లం, పిప్పళ్లే. పెరూలో మాత్రం మిరపను వేల ఏళ్ల నుంచి పండిస్తున్నారు. అందుకే వాళ్ల వంటలో మిరపకాయకు ఉన్న చోటు, మన వంటలో ఉన్న చోటు పక్కపక్కనే ఉంటాయి. నేను పెరూ అని చటుక్కున చెప్పడానికి అసలు కారణం ఇదే.

అయితే అది మన కారం కాదు. మన గుంటూరు సన్నం ఒక జాతి మిరప. పెరూ వంటకు ప్రాణమైన అహీ అమరీయో ఇంకో జాతి. పేరుకు అర్థం పసుపు మిరపకాయ అనే గానీ, పండితే నారింజ రంగుకు వస్తుంది. గింజలు, ఈనెలు తీసేసి, ఉడికించి, మెత్తగా నూరి ఆ ముద్దను వాడతారు. మంట తగ్గిపోయి మిరప రుచి మిగులుతుంది. మన పండుమిరపకాయల పచ్చడి తింటున్నప్పుడు కారం వెనకాల ఒక పండు రుచి తగులుతుంది చూడండి, దాన్ని ముందుకు తెచ్చి మంటను వెనక్కి నెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మనవాళ్లకు కారం చాలదు. కానీ చప్పగా ఉందని మాత్రం ఎవరూ అనరు. చాలకపోతే పక్కన పచ్చ సాస్ ఉంటుంది, దాని సంగతి చెప్తాను.

మిరపే కాదు. మన బంగాళాదుంప, టమాటా, వేరుశనగ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చినవే. ఆండీస్ కొండల్లో బంగాళాదుంపల్లో 4,000కు పైగా నాటు రకాలు ఉన్నాయి. ప్రపంచమంతటికీ బంగాళాదుంప మీద పరిశోధన చేసే సంస్థ కూడా లిమాలోనే ఉంది. అన్నింటికంటే మనకు ధైర్యమిచ్చే విషయం ఇంకొకటుంది. పెరూ వాళ్లు అన్నం తింటారు. వెల్లుల్లి, నూనె వేసి వండిన పొడిపొడి తెల్లన్నం దాదాపు ప్రతి కూర పక్కనా వస్తుంది. ఇంగ్లీషు రాని మా అమ్మ, స్పానిష్ తప్ప ఇంకేమీ సరిగా రాని ఆ హోటలావిడ అన్నం గిన్నె దగ్గర ఇట్టే కలిసిపోయారు. అమ్మ వేలు చూపించింది, ఆవిడ ఇంకో గరిటె వడ్డించింది.

మొదటిసారి వెళ్లేవాళ్లు అడగాల్సింది పోయో అ లా బ్రాసా. మసాలాలో నానబెట్టిన కోడిని ఊచకు గుచ్చి, బొగ్గుల మీద తిప్పుతూ కాలుస్తారు. ఇది పాత కాలపు వంట కాదు, 1950ల్లో లిమా దగ్గర మొదలై దేశమంతా పాకింది. పావు కోడి, అర కోడి, మొత్తం కోడి అని లెక్క. మొత్తం కోడి చెబితే బంగాళాదుంప వేపుడు, సలాడ్‌తో నలుగురు పెద్దవాళ్లకు సరిపోతుంది. పక్కన చిన్న గిన్నెలో పచ్చ సాస్ ఇస్తారు. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, మయోనైజ్ కలిపి రుబ్బింది. బయట ఏది పెట్టినా ముద్ద తిని పక్కన పెట్టే మా అమ్మ ఆ సాస్ రెండో గిన్నె అడిగింది. ఇంటికొచ్చాక అన్నంలో కలుపుకోవడానికి కూడా పొట్లం కట్టించుకుంది.

అర్రోస్ కోన్ పోయో అని ఇంకొకటి ఉంటుంది. కొత్తిమీర నూరి అందులో అన్నం, కోడి కలిపి వండుతారు, ఆకుపచ్చగా వస్తుంది. పలావు ఇష్టపడేవాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. అహీ దే గయీనా అంటే కోడిమాంసాన్ని పీచుపీచుగా చేసి, రొట్టె, పాలు, గింజలు, ఆ పసుపు మిరప ముద్దతో చిక్కగా చేసిన కూర. ఇది పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు బాగుంటుంది. టాకు టాకు అనేదాన్ని కథగా కూడా చెప్పుకోవచ్చు. రాత్రి మిగిలిన అన్నం, ఉడికిన బీన్స్ కలిపి పెనం మీద గట్టిగా కాలుస్తారు. మిగిలిన అన్నాన్ని పొద్దున్నే తాలింపు పెట్టుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

చివర్లో స్వీట్ తినకుండా లేవొద్దు. పికరోనెస్ అని ఉంటే అదే అడగండి. గుమ్మడికాయ, చిలగడదుంప కలిపిన పిండిని మధ్యలో చిల్లుపెట్టి నూనెలో వేయించి, బెల్లం పాకం పోసి ఇస్తారు. వాళ్లు చాంకాకా అనేది మన బెల్లమే, చెరకురసం కాచి చేసిందే. మా ఇంట్లో దాన్ని చూసినవాళ్లందరూ అన్నది ఒకటే మాట, పాకం గారెలు అని. పిండి వేరు, మినప్పప్పు ఉండదు, కానీ చేయి దానంతటదే వెళ్తుంది. తాగడానికి చిచా మొరాదా. ఊదారంగు మొక్కజొన్నను అనాసతొక్కు, దాల్చినచెక్క, లవంగాలతో కాచి, చల్లార్చి నిమ్మరసం పిండుతారు. ఇది పులియబెట్టింది కాదు, పిల్లలకూ ఇవ్వొచ్చు. చిచా దే హోరా అని ఇంకొకటి ఉంటుంది, అది పులిసింది. పేర్లు కలిసిపోతాయి, జాగ్రత్త.

జపాన్ హోటల్ ఎవరికి నచ్చుతుంది

పెరూను పొగిడాను కదా అని జపాన్ వంట తక్కువని కాదు. నాకు ఇష్టమైన భోజనాల్లో కొన్ని పది కుర్చీలున్న ఒక జపాన్ హోటల్ కౌంటర్ దగ్గరే జరిగాయి. కానీ అది మన నాలుక దగ్గరికి రాదు, మన నాలుకే దాని దగ్గరికి వెళ్లాలి. మొదటి రోజే వెళ్లగలిగేవాళ్లు కొందరే.

కారం దాదాపు ఉండదు. తాలింపు వాసన ఉండదు. పులుపు కొద్దిగా. ఉన్నదంతా ఉప్పు, కొంచెం తీపి, ఇంకా వాళ్ల దాషి. సముద్రపు నాచు, ఎండబెట్టి పొగబెట్టిన బొనీటో చేప రేకులు నీళ్లలో వేసి తీసిన రసం అది. జపాన్ వంటకు పునాది. ఎండురొయ్యలు, ఎండుచేపలు వండుకునే ఇళ్లవాళ్లకు ఆ రుచి మొదటి గుటకలోనే తెలిసిపోతుంది. బందరు నుంచి వచ్చిన మా స్నేహితుడి నాన్నగారు మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన చారు) తాగి, "ఇందులో ఎండుచేప ఉంది" అని వెంటనే చెప్పేశారు. ఆయనకు జపాన్ భోజనం బ్రహ్మాండంగా నచ్చింది. మా బాబాయికి ఎండుచేప వాసనే పడదు. ఆయన్ని అక్కడికి పంపడం ఎందుకు?

వసాబి గురించి మనవాళ్లకు భయం ఎక్కువ. అంత భయం అక్కర్లేదు. ఆ ఘాటు మిరప ఘాటు కాదు, ఆవ ఘాటు. అరటికాయ ఆవపెట్టిన కూర, పనసపొట్టు కూర తిన్నప్పుడు ముక్కులోకి ఎక్కి కళ్లలో నీళ్లు తెప్పించేది, వసాబిలో ఉండేది ఒకే రసాయనం. నాలుక మీద నిలవదు, రెండు ఊపిరుల్లో దిగిపోతుంది. చిన్న హోటళ్లలో ఇచ్చే ఆకుపచ్చ ముద్ద చాలా వరకు అసలు వసాబి కూడా కాదు. హార్స్‌ర్యాడిష్ అనే దుంప, ఆవపిండి, రంగు కలిపింది. కొత్తావకాయ తినేవాళ్లకు ఇది లెక్కలోకే రాదు.

పిల్లలు వెంట ఉంటే మాత్రం నేను జపాన్ వైపే మొగ్గుతాను. చికెన్ కట్సు కర్రీ అని అడగండి. రొట్టెపొడి అద్ది కరకరలాడేలా వేయించిన కోడిముక్క, జిగురన్నం, చిక్కని తియ్యటి గోధుమరంగు కర్రీ. ఆ కర్రీ బ్రిటిష్‌వాళ్ల ద్వారా మన దేశం నుంచి జపాన్ చేరిందే, దారిలో కారం పోగొట్టుకుంది. పిల్లలు చివరి మెతుకు వరకు తింటారు. ఓయకోదోన్ కూడా మంచిదే. అన్నం మీద కోడి, గుడ్డు కలిపి ఉడికించి పోస్తారు. ఆ పేరుకు తల్లీబిడ్డల గిన్నె అని అర్థం. టెంపురా అయితే ఎవరికైనా నచ్చుతుంది. కూరగాయలు, రొయ్యలు చాలా పలచటి పిండిలో ముంచి వేయించిన బజ్జీలే. ఇదీ పోర్చుగీసువాళ్ల నుంచి 16వ శతాబ్దంలో నేర్చుకున్న పద్ధతే. మనకు మిరపకాయ తెచ్చినవాళ్లే వాళ్లకు బజ్జీ ఇచ్చారన్నమాట. బెజవాడ మిరపకాయ బజ్జీకి అలవాటుపడ్డ నోటికి పూత పలచగా అనిపిస్తుంది, కానీ లోపలి చిలగడదుంప రుచి అంత శుభ్రంగా మన బజ్జీలో తెలీదు.

సుషీ అంటే పచ్చి చేప అని అర్థం కాదు. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నంతో చేసేది సుషీ. అందులో కీరదోస, అవకాడో, గుడ్డు, ఉడికిన రొయ్య ఏదైనా ఉండొచ్చు. పచ్చి చేపను అన్నం లేకుండా ఒట్టి ముక్కలుగా ఇస్తే అది సషిమి. ఇంకో మంచి సంగతి ఏంటంటే, సుషీని చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే. చాప్‌స్టిక్స్ రావని పెద్దవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. చాప్‌స్టిక్స్ వాడితే మాత్రం అన్నంలో నిలువుగా గుచ్చి వదలకూడదు. చనిపోయినవాళ్లకు అలా పెడతారు. పిండం పెట్టే ఆచారం ఉన్న మనకు ఆ పట్టింపు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

శాకాహారులు ఇది తప్పకుండా చదవాలి

నేను చేసిన పొరపాటు ఇక్కడే. సత్యనారాయణపురం నుంచి మా అత్తయ్య వచ్చారు. పుట్టినప్పటి నుంచి శాకాహారి. ఒక జపాన్ హోటల్‌లో మెనూ చూసి, వెజిటబుల్ ఉడాన్ అని ఉంటే నిశ్చింతగా చెప్పాను. లావు నూడుల్స్, క్యారెట్, క్యాబేజీ, వేడివేడి రసం. బాగుందని సగం తిన్నారు. అప్పుడు పక్క టేబుల్ వాళ్లు రసం గురించి అడగడం, వడ్డించేవాడు చేపతో చేస్తామని చెప్పడం వినిపించింది. మెనూలో వెజిటబుల్ అంటే కూరగాయలు వేశారని మాత్రమే, మాంసం లేదని కాదు. అత్తయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి ఏమీ తినకుండా పడుకున్నారు. ఇన్నేళ్లయినా అది గుర్తొస్తే నాకు బాధగానే ఉంటుంది.

అందుకే జపాన్ హోటల్‌లో శాకాహారులు ముందు అడగాల్సింది దాషి గురించి. మిసో సూప్, ఉడాన్ రసం, టెంపురా పక్కన ఇచ్చే సాస్, వేయించిన టోఫూ మీద పోసే రసం, అన్నింట్లోనూ అది ఉండే అవకాశముంది. రామెన్ అనే నూడుల్స్‌లో పోసే రసం చాలాచోట్ల పంది ఎముకలతో చేస్తారు. కట్సు కర్రీ రెడీమేడ్ ముద్దల్లో జంతువుల కొవ్వు ఉండొచ్చు. ఒట్టి సముద్రపు నాచుతోనో, ఎండు పుట్టగొడుగులతోనో చేసిన దాషి కూడా ఉంటుంది, అది శాకాహారమే, కానీ అడిగి తెలుసుకోవాలి. ఏమాత్రం అనుమానం లేకుండా చెప్పగలిగేవి కొన్నే. కీరదోస రోల్, అవకాడో రోల్, ఉప్పు చల్లి ఉడికించిన పచ్చి సోయా కాయలు, తెల్లన్నం, అల్లం ఊరగాయ. టెంపురా తినాలంటే సాస్ బదులు ఉప్పు అడగండి. పిండిలో గుడ్డు ఉందా, నూనె రొయ్యలకు కూడా వాడతారా అని అడగండి. జపాన్ బౌద్ధ మఠాల్లో చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేని గొప్ప వంట సంప్రదాయం ఉంది. మనవాళ్లకు సరిగ్గా సరిపోయేది అదే, కానీ వీధి చివరి చిన్న హోటల్‌లో అది దొరకదు.

పెరూ హోటల్‌లో పరిస్థితి కొంచెం మెరుగు, అదీ పాలు, గుడ్డు తినేవాళ్లకు. పాపా అ లా వాంకాయీనా అడగొచ్చు. పేరులో వంకాయ వినిపిస్తుంది గానీ వంకాయ ఉండదు, అది వాంకాయో అనే కొండ ఊరి పేరు. ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద జున్నులాంటి తాజా చీజ్, పాలు, పసుపు మిరప కలిపి రుబ్బిన సాస్ పోస్తారు. పైన గుడ్డు వద్దని చెప్పొచ్చు. కర్రపెండలం వేపుడు అదే సాస్‌తో ఇస్తారు, చాలా బాగుంటుంది. పెద్ద గింజల మొక్కజొన్న కండె చీజ్‌తో వస్తుంది. కౌసా అనేది నిమ్మరసం, మిరప కలిపిన చల్లటి బంగాళాదుంప ముద్ద, మధ్యలో అవకాడో ఒక్కటే పెట్టమని అడగండి, మయోనైజ్ ఉంటే అందులో గుడ్డు ఉంటుంది. బీన్స్ వండేటప్పుడు పంది కొవ్వు వేస్తారేమో అడగకుండా టాకు టాకు చెప్పొద్దు.

గుడ్డు కూడా తినని పెద్దవాళ్లు ఇద్దరుంటే, రెండు హోటళ్లూ వద్దనే నా సలహా. వాళ్లను కూర్చోబెట్టి మనం తింటుంటే వాళ్ల ముందు దోసకాయ ముక్కలుంటాయి. పెళ్లిరోజు భోజనం అలా కాకూడదు.

పచ్చి చేప విషయం

రెండు వంటలకూ పేరు తెచ్చినవి పచ్చి చేపతో చేసేవే. జపాన్‌కు సషిమి, పెరూకు సెవిచే. సముద్రపు చేపను ముక్కలుగా కోసి, నిమ్మరసం, ఉప్పు, మిరప, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ, కొత్తిమీరతో కలిపి సెవిచే చేస్తారు. చిలగడదుంప, మొక్కజొన్న పక్కన పెడతారు. 2023లో యునెస్కో దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్ సంప్రదాయ వంట 2013లోనే ఆ జాబితాలోకి వెళ్లింది. గిన్నె అడుగున మిగిలే తెల్లటి పుల్లటి రసాన్ని పులి పాలు అంటారు. పచ్చిపులుసు ఇష్టపడేవాళ్లు ఆ రసాన్ని వదలరు. ఉల్లి, మిరప, పులుపు, పొయ్యి ఎక్కని రుచి, అన్నీ ఉంటాయి.

నిమ్మరసంలో చేపముక్క తెల్లబడుతుంది, ఉడికినట్టే కనిపిస్తుంది. కానీ అది ఉడికినట్టు కాదు. వేడికి చచ్చే సూక్ష్మజీవులన్నీ పులుపుకు చావవు. అమెరికాలో పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపల్ని ముందే గడ్డకట్టించాలని నియమం ఉంది. మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచితే పరాన్నజీవులు చస్తాయి. బ్యాక్టీరియాకు ఆ హామీ లేదు. అందుకని గర్భిణులు, చిన్నపిల్లలు, బాగా పెద్దవాళ్లు, క్యాన్సర్ మందుల్లాంటివి వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఏ హోటల్‌లోనైనా పచ్చి చేప జోలికి వెళ్లొద్దు. ఇష్టపడి తిన్నవాళ్లు కూడా తిరిగొచ్చాక కృష్ణ చేపతో ఇంట్లో ప్రయత్నించొద్దు. బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపల్లో పరాన్నజీవుల బెడద ఎక్కువ. వాటిని పులుసే పెట్టుకోవాలి.

రుచి మాటకొస్తే, మొదటిసారి పచ్చి చేప తినే తెలుగువాళ్లకు సెవిచేయే తేలిక. పులుపు, ఉల్లి, మిరప నీసువాసనను కప్పేస్తాయి. సషిమిలో కప్పడానికి ఏమీ ఉండదు, చేప చేపలాగే ఉంటుంది. లిమాలో సెవిచే మధ్యాహ్నం తినే వంట. అమెరికాలో రాత్రి కూడా ఇస్తారు, నేనైతే మధ్యాహ్నమే వెళ్తాను.

బీఫ్, పోర్క్, మద్యం

ఇవి పట్టింపు ఉన్నవాళ్లు రెండు చోట్లా నోరు తెరిచి అడగాలి. పెరూ మెనూలో లోమో సాల్తాదో అంటే బీఫ్. ఉల్లి, టమాటా, సోయా సాస్‌తో పెద్ద మంట మీద వేయించి, బంగాళాదుంప వేపుడు, అన్నంతో ఇస్తారు. 19వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన చైనా కూలీల నుంచి వచ్చిన పద్ధతి. అదే చికెన్‌తో కావాలంటే పోయో సాల్తాదో అనండి, అది తింటే మన ఫ్రైడ్‌రైస్ సెంటర్ గుర్తొస్తుంది. ఊచకు గుచ్చిన అంతికూచో ఆవు గుండె, తెలియక చెప్పొద్దు. జపాన్ మెనూలో గ్యూదోన్ బీఫ్, టొంకట్సు పోర్క్, టొంకొట్సు రామెన్ పంది ఎముకల రసం. చివరి రెండు పేర్లూ దగ్గరగా ఉంటాయి, రెండింట్లోనూ పందే కాబట్టి పొరపాటు పడే భయం లేదు. వంటలో మద్యం కూడా ఉంటుంది. జపాన్‌వాళ్లు మిరిన్, సాకే చాలా సాస్‌లలో వేస్తారు. పెరూ ఆకుపచ్చ అన్నంలో కొందరు నల్ల బీరు పోస్తారు.

కూర్చోవడం, ఖర్చు

జపాన్ చిన్న హోటల్‌లో కౌంటర్ ముందు ఎత్తు కుర్చీలు ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. రామెన్ హోటల్‌లో తిన్నాక కూర్చుని కబుర్లు చెప్పుకోవడం బాగోదు, బయట మనుషులు నిలబడి ఉంటారు. పెరూ హోటల్‌లో పెద్ద టేబుళ్లు, గోల, టీవీలో ఫుట్‌బాల్, పక్కన వాళ్ల పిల్లల పరుగులు. ఆరేడుగురు కలిసి వెళ్తే అక్కడే హాయి. మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకోవచ్చు. సుషీకి ముక్కల లెక్క కాబట్టి కడుపు నిండేసరికి బిల్లు పెరుగుతుంది. మగపిల్లలు ఆకలి మీద ఉంటే మరీను. ఓయకోదోన్ లాంటి అన్నం గిన్నెలు, కర్రీ అయితే అంత కాదు. టిప్ జపాన్ దేశంలో ఇవ్వరు గానీ, అమెరికాలోని జపాన్ హోటల్‌లో ఇవ్వాల్సిందే. రెండు చోట్లా 15 నుంచి 20 శాతం.

రెండూ కలిసిన దారి

1899లో సకురా మారు అనే ఓడలో 790 మంది జపాన్ కూలీలు పెరూలోని కయావో రేవులో దిగారు, చెరకు తోటల్లో పనికి. వాళ్ల పిల్లలు, మనవలు అక్కడి చేప, అక్కడి మిరపతో తమ వంట చేసుకున్నారు. దాన్నే నిక్కేయ్ వంట అంటారు. సషిమిలా పలచగా కోసిన చేప మీద పసుపు మిరప, నిమ్మరసం పోసి ఇచ్చే ‘తిరదీతో’ అనే వంటకం అందులోదే. ఈ వంట వడ్డించే లిమాలోని మైదో 2025లో ప్రపంచంలోనే ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. మీ పిల్లల ఊళ్లో చిన్న నిక్కేయ్ హోటల్ ఉంటే, ఇంట్లో ఒకరు జపాన్, ఒకరు పెరూ అని పట్టుపడుతుంటే అక్కడికి వెళ్లండి. అయితే పచ్చి చేప తిననివాళ్లకు అక్కడ పెద్దగా మిగలదు.

ఇదంతా విన్నాక పిన్ని ఒక కాగితం, పెన్ను తెచ్చి నా చేతికిచ్చింది. పేర్లన్నీ తెలుగులో రాయించుకుంది. పోయో అ లా బ్రాసా, పచ్చ సాస్ రెండు గిన్నెలు, ఆకుపచ్చ అన్నం బీరు లేకుండా ఉంటేనే, పికరోనెస్. పెళ్లిరోజు మధ్యాహ్నం పెరూ హోటల్‌కి వెళ్లాలని, మనవడి కోసం ఇంకో శనివారం జపాన్ హోటల్‌లో కట్సు కర్రీ తినాలని ఇద్దరూ అనుకున్నారు. బాబాయి ఆ కాగితాన్ని మడిచి పాస్‌పోర్టుల కవర్లో పెట్టారు. తర్వాత ఆవకాయ మూటను మళ్లీ తూకం మీద పెట్టి, అర కిలో తగ్గించారు.